బడికెల్లి వచ్చిన పిల్ల

ఆమె పోయిందన్న ముచ్చట నాకు బస్సులనే తెలిసింది. జగిత్యాల బస్టాండ్ల ఎనిమిదీ పదికి మెట్‌పల్లి బస్సెక్కి కూసున్న. కొత్తగ వచ్చిన కండక్టర్ డ్రైవర్ తోటి అంటున్నడు, "మన కండక్టర్ మేడం సిరిసిల్లల చనిపోయిందట గదా, నిన్న పొద్దుగాల." డ్రైవర్ స్టీరింగ్ మీద రెండు చేతులు పెట్టుకున్నడు. అటెన్క గేరేసుకుంట, "మంచి మనిషి. ఇన్నేండ్లల డ్యూటీకి ఒక్కనాడు లేటు రాలే" అన్నడు.

గంతే. ఇరవై రెండేండ్లు బస్సుల నిలబడ్డ మనిషికి రెండు మాటలు. ఆమె కతలు రాసేదని ఆయనకు తెల్వది. డిపోల ఎవ్వలకు తెల్వది. తెలిసినోన్ని నేనొక్కన్నే.

నేను తెలుగు పంతులును. ఇల్లు జగిత్యాలల, బడి కోరుట్లల. ఆరేండ్ల పొంటి ఆమె బస్సులనే పోయిన. నలభై ఐదు దాటిన మనిషి. పొట్టిగ, చీర మీద ఖాకీ చొక్కా, మెడల టికెట్ మిషన్. ఆ మిషన్ మీటలు ఒత్తి ఒత్తి కుడిచేతి బొటనవేలు మొద్దుబారిపోయింది. కండక్టర్ సీట్ల ఆమె కూసున్నంగ నేనెన్నడు చూడలే. చంకల పిల్లనెత్తుకొని ఎవ్వలెక్కినా "కూసో బిడ్డా" అని తన సీటు ఇచ్చి, తను ఎనక డోర్ కాడ రాడుకు ఆనుకొని నిలబడేది.

ఆమెకొక రోగముండె. బస్సుల ఎవ్వలు ఏ ముచ్చట చెప్పుకున్నా చెవి అటే. ఇద్దరు ముసలమ్మలు కోడండ్ల పంచాయితి చెప్పుకుంటుంటె, నాలుగు సీట్ల అవతలికెల్లి టికెట్ కొట్టుకుంటనే "అటెన్క?" అనేది. వాళ్లు ముందుగాల బిత్తరపోయేది, అటెన్క ఈమెకే మొదటికెల్లి చెప్పేది. ఒకనాడు మేడిపల్లి వచ్చింది, ముసలామె దిగాలె, కత ఇంక సగంలనే ఉన్నది. ఈమె చెయ్యి అడ్డం పెట్టింది. "అవ్వా, ఆ పిల్ల తల్లిగారింటికి పోయిందా, మళ్లొచ్చిందా? చెప్పి దిగు." డ్రైవర్ హారన్ మీద హారన్. ముసలామె మెట్ల మీద నిలబడి మొత్తం చెప్పి దిగింది. అప్పుడన్నది "రైట్ రైట్."

నాతోటి మాట కలిసింది అక్షరాల మీద. ఒకనాడు నా సీటు కాడికొచ్చి, పాస్ సుత అడగకుండ, మెల్లగ అన్నది, "సార్, మీరు తెలుగు సారు గదా. శిక్షకు ఏ శి?"

"శంఖంల శ అమ్మా."

తెల్లారి, "సాక్ష్యం కింద య వత్తు ఉంటదా సార్?" ఇంకోనాడు నిర్దోషి. మరోనాడు ఖైదీకి దీర్ఘమా కాదా అని. వారం పది దినాలు గిట్లనే నడిచింది. నాకు బుగులైంది. పాపం కోర్టుల పడ్డట్టుందని, "ఏమన్న కేసు నడుస్తుందా అమ్మా?" అని అడిగిన.

పక్కున నవ్వింది. "నడుస్తుంది సార్. మూడేండ్లాయె. జామీను దొరుకుతలేదు."

ఆనాడు కోరుట్ల దాక ఆమె చెప్పింది, నేను విన్న.

"మాపటికి ఒక సీరియల్ వచ్చేది సార్. పెద్ద బంగ్లా, అత్త, ఇద్దరు కోడండ్లు. పెద్దకోడలు నగలు దాచిపెట్టి పనామె మీదికి నూకుతది. పోలీసులొచ్చి పనామెను జీపెక్కిస్తరు. ఎక్కుకుంట ఆమె ఎనకకు మర్రి చూసి, 'నా బిడ్డ బడికెల్లి వచ్చే యాళ్లైంది' అంటది. గంతే. మళ్ల ఆ పనామెను చూపెట్టనే లేదు. సీరియల్ అటెన్క రెండేండ్లు నడిచింది. కోడండ్లు కొట్లాడుకున్నరు, కలిసిపోయిండ్రు, పెండ్లిండ్లు చేసుకున్నరు, నగలు గూడ దొరికినయి. ఎవ్వలకు యాదికి రాలే. ఆ పిల్ల బడికెల్లి వచ్చింది గదా సార్? ఇంటికి తాళమున్నది గదా? అటెన్క?"

ఆ ప్రశ్నకు జవాబుగ అప్పటికే నూట ఎనభై భాగాలు రాసింది. మెట్‌పల్లిల బస్సు ఇరవై నిమిషాలు ఆగుతది. డ్రైవర్ చాయ్‌కి పోతడు. ఈమె ఖాళీ బస్సుల ఆఖరి సీట్ల కూసొని, ఆ మొద్దు బొటనవేలుతోటి ఫోన్ల టైపు చేసేది. కతలు పెట్టుకునే యాప్ ఒకటుంటది, అందుల పెట్టేది.

నేను మూడు భాగాలు చదివిన. మొదటి దాంట్ల ఆ పిల్ల పలకసంచి మెడల ఏసుకొనే తాళంకప్పను పట్టుకొని ఊపుతది. తాళం రాదు. పక్కింటామె చూసి తలుపేసుకుంటది. పిల్ల గడప మీద కూసొని మధ్యాన్నం బడిల తినంగ మిగిలిన కోడిగుడ్డును తల్లి కోసమని కాగితంల చుట్టి పట్టుకొని ఉంటది. రెండు దినాలు ఆ కోడిగుడ్డు నా మనసుల నుంచి పోలే. అయినా పంతులును గదా, పంతులు మాటనే చెప్పిన.

"బాగ రాస్తున్నవమ్మా. గని పరాయోళ్ల పాత్రలెందుకు? సొంతంగ ఏదన్న రాయరాదు?"

ఆమె ఎవ్వలికో టికెట్ కొట్టి ఇచ్చి మళ్లొచ్చింది. "నేను పెండ్లై సిరిసిల్లకెల్లి కోరుట్లకు వచ్చిననాడు సార్, మా ఆయనకు ఇద్దరు కొడుకులుండిరి. మొదటామె పిల్లలు. చిన్నోనికి ఏడాదిన్నర. నాకు కాన్పు కాలే. ఇద్దర్ని నేనే సాదిన. వాళ్లను పరాయి పిల్లలంటరా సార్?"

మేడిపల్లి రానే వచ్చింది, ఆమె డోర్ కాడికి పోయింది.

ఆమె కతను చదివేటోళ్లు లేరు. ఆ యాప్‌ల ప్రతి భాగం కింద ఎంతమంది చూసిండ్రో అంకె పడుతది. ఈమెకు పదకొండు, తొమ్మిది, ఒక్కోనాడు నాలుగు. అదే సీరియల్ మీద రాసేటోళ్లు అండ్లనే ఇంక మస్తు మంది ఉండిరి. చిన్నకోడలికి, ఆమె మొగనికి మళ్ల మళ్ల పెండ్లి చేసేటోళ్లు, కవలపిల్లల్ని పుట్టించేటోళ్లు. వాళ్లకు వేలకు వేలు. ఈమె అవన్నీ చదివేది, చదివి వాళ్లకు "బాగుంది అక్కా" అని పెట్టేది. వాళ్లల్ల ఒక్కతి గూడ తిరిగి ఈమె గడప తొక్కలే. "పనామె కత ఎవ్వలకు కావాలె సార్, నగలున్న దిక్కే చూస్తరు" అని నవ్వేది. ఆ నవ్వు చూస్తె నాకు నవ్వబుద్ధి కాకపోయేది.

గని ఒక్కామె మాత్రం ప్రతి భాగం కింద రాసేది. పేరు ఏదో పువ్వు పేరు. రాసేది ఒక్కటే మాట, అటెన్క ఏమైందని. నేనది చూసి సంబురపడ్డ. "నీకు మంచి అభిమాని దొరికిందమ్మా. ఒక్క భాగం ఇడువలే."

ఆమె టికెట్ మిషన్ దిక్కు చూసింది. "అది నేనే సార్."

"నువ్వా?"

"ఇంకో నంబర్ మీద ఇంకో పేరు పెట్టుకున్న. ఎవ్వలూ అడగకపోతె నేనే అడుగుత. అడిగేటోళ్లుంటెనే గదా చెప్పబుద్ధయ్యేది."

సిగ్గుపడుకుంట చెప్పలే. పొద్దుగాల లేసి అన్నమొండిన అన్నంత మామూలుగ చెప్పింది. సిగ్గయింది నాకు. మూడు భాగాలు చదివిన నేను ఒక్కదాని కింద ఒక్క అక్షరం పెట్టలే. వారం దినాలు అనుకున్న పెట్టాలె పెట్టాలె అని. అటెన్క మరిచిపోయిన.

ఇగ సంకలనం సంగతి. ఇది రాయకుండ తప్పించుకోవచ్చునేమో అని మూడుసార్లు చూసిన. తప్పదు.

జగిత్యాలల మాకొక సాహితీ సంఘమున్నది. నేను కార్యదర్శిని. ఏడాదిన్నర కింద, జిల్లాల ఆడోళ్లు రాసిన కతలన్ని ఒక పుస్తకంగ వేద్దామనుకున్నం. ఆమె నన్ను అడగలే. నేనే ఆమెను అడిగిన. "ఒక కత ఇయ్యమ్మా, పుస్తకంల వేస్తం" అన్న. "నాదా సార్?" అన్నది. రెండుసార్లు అన్నది గట్ల. రెండు దినాలు సెలవు పెట్టి, గీతల కాగితాల మీద పన్నెండు పేజీలు చేత్తోటి రాసుకొచ్చింది. ఆ పిల్ల జైలుకు పోయి తల్లిని చూసిన కత. ఎన్నిసార్లు తిరగరాసిందో గని ఒక్క కొట్టివేత లేదు.

మా అధ్యక్షుడు రిటైరైన ప్రిన్సిపాల్. మొదటి పేజీ చదివి కళ్లద్దాలు తీసిండు. "ఇది టీవీ సీరియల్ కత గదా. మనం సాహిత్యం వేస్తున్నమా, సీరియల్ వేస్తున్నమా? రేపు వాళ్లు కేసేస్తె ఎవ్వలు తిరగాలె?" అన్నడు. అందరు నా దిక్కు చూసిండ్రు. బంగ్లా తీసేసి, పేర్లు మారిస్తె అది అచ్చంగ ఆమె కతనే. ఆ మాట నా నోటిదాక వచ్చింది. వచ్చి అక్కడనే ఆగింది. "నిజమే సార్" అన్న. కాగితాలు పక్కకు పెట్టిండు.

ఆ పుస్తకంల మా ఇంటామె కత మూడోది. అది మంచిగ లేదని నాకు తెలుసు. సంఘంల అందరికి తెలుసు. ఎవ్వలు ఏమనలే.

ఆమెకు చెప్పాలె చెప్పాలె అనుకుంటనే మూడు నెలలు గడిపిన. రోజు అదే బస్సు. ఆ మూడు నెలలు ఆమె నన్ను పుస్తకం గురించి ఒక్కనాడు అడగలే. పెద్దోళ్లను అట్ల అడగద్దనుకున్నదేమో. ఒక్కసారి మాత్రం, "పుస్తకంల పేరు ఇంటిపేరుతోటి వేస్తరా సార్, ఉత్త పేరేనా?" అన్నది. "చూద్దామమ్మా" అన్న.

ఒక ఆదివారం సభ పెట్టినం. కరపత్రం ఎక్కడ చూసిందో, డ్యూటీ దిగి సక్కగ అటే వచ్చింది. ఖాకీ చొక్కా మడిచి సంచిల పెట్టుకున్నది. ఆకుపచ్చ కొత్తచీర. చేతుల ఒక మిఠాయి డబ్బా. మూడో వరుసల కూసున్నది. నేను స్టేజీ మీదున్న. దిగి పోయి చెవుల ఒక్క మాట చెప్పొచ్చు. నాలుగు మెట్లు. దిగలే.

రచయిత్రుల పేర్లు పిలిచి శాలువలు కప్పుతున్నరు. పేరు పిలిచినప్పుడల్ల ఆమె కొంగు సర్దుకునేది. మా ఇంటామెను పిలిచినప్పుడు గట్టిగ చప్పట్లు కొట్టింది. ఆఖరి పేరు పిలిచే యాళ్లకు సంచి పక్కకుర్చీల పెట్టి, లేవబోయే మనిషి లెక్క ముంగటికి వంగింది. అధ్యక్షుడు మైకుల, "అందరు భోజనం చేసే పోవాలె" అన్నడు.

కుర్చీలు గరగర జరిగినయి. ఆమె పుస్తకం ఒకటి తీసుకొని ముందట పేర్లున్న పేజీ మీదికెల్లి కిందికి, కిందికెల్లి మీదికి చదివింది. అటెన్క నా దగ్గరికొచ్చింది.

"సార్, నాది మరిచిపోయినట్టున్నరు."

"మరిచిపోలేదమ్మా. జాగ సరిపోలే. పేజీలు ఎక్కువైపోయినయి, ఆఖరికి రెండు మూడు కతలు తీసేయాల్సొచ్చింది..."

ఆమె నా మొకం దిక్కు చూసుకుంటనే ఉన్నది. అట్ల చూస్తున్నదంటె నమ్మలేదన్నట్టు.

"జాగనా సార్?" అన్నది. "ఆడోళ్లకు టికెట్ లేదన్న కాడికెల్లి యాభై సీట్ల బస్సుల నూరుమందిని ఎక్కిస్తున్న నేను. జరుగుమంటె జరుగుతరు సార్. జరుగుమని ఒక్కలన్న అనాలె."

ఆమె మిఠాయి డబ్బా నా చేతుల పెట్టింది. "తెచ్చిన గదా, మళ్ల తీసుకపోను. పంచుండ్రి." అన్నం తినకుండనే పోయింది. మేము పంచినం. అధ్యక్షుడు రెండు తిన్నడు.

తెల్లారి సోమవారం బస్సెక్కిన. ఆమె నా సీటు కాడికొచ్చి, "పాస్ చూపెట్టుండ్రి" అన్నది. అన్నేండ్లల ఒక్కసారి అడగలే నన్ను పాస్. తీసి చూపెట్టిన. తారీఖు చూసి ఇచ్చింది. ఆనాటికెల్లి రోజు అడిగింది, రోజు చూపెట్టిన. అక్షరాలు మళ్ల అడగలే. కొత్తవి రాస్తనే ఉన్నదని నాకు తెలుసు, మెట్‌పల్లి కెల్లి వాపస్ వచ్చే బస్సును నేను మాపటికి కోరుట్లల ఎక్కే యాళ్లకు ఆమె ఫోన్ చేతులనే ఉండేది. స్పెల్లింగులు ఎట్ల చూసుకున్నదో.

మొన్న చలికాలంల ఆమె కనవడుడు బందైంది. వారం పది దినాలు చూసి డ్రైవర్‌ను అడిగిన. కడుపుల గడ్డ, పట్నంల ఆపరేషన్ అయింది, సిరిసిల్లల తమ్ముని ఇంట్ల ఉన్నది అన్నడు. మొగడు ఎప్పుడో పోయిండు. పెద్దకొడుకు దుబాయ్‌ల. చిన్నకొడుకు కోరుట్ల ఇంట్లనే ఉన్నడు గని, కోడలు చిన్నపిల్లలతోటి రోగమోళ్లను చూసుకోలేనన్నదట.

ఒక సెలవునాడు సిరిసిల్ల పోయిన. తమ్ముడు మరమగ్గాల మీద పనిచేస్తడు. వాళ్ల ఇంటి ముందటి అర్రల నాలుగు సాంచాలు టకటక టకటక కొట్టుకుంటున్నయి. ఎనక అర్రల మంచం మీద ఆమె. సగం మనిషి అయింది. నన్ను చూసి లేసి కూసోబోయింది. తమ్ముని భార్య చాయ్ తెచ్చి స్టూల్ మీద పెట్టింది.

ఏం మాట్లాడాలెనో దారిపొంటి అనుకుంటనే పోయిన. అదే చెప్పిన. "ఆ పుస్తకం కాడ తప్పయిందమ్మా. నీ కత మొత్తం పుస్తకంగ వేద్దాం. సంఘం సంగతి ఇడిచిపెట్టు, నేనే వేయిస్త. ముందుమాట నేను రాస్త."

సాంచాల చప్పుడుల వినవడిందో లేదో అనుకున్న. వినవడింది.

"ఎన్ని భాగాలు చదివిండ్రు సార్?"

"అన్నీ చదివిన."

ఎందుకన్ననో నాకే తెల్వది. రోగమున్న మనిషి, సంబురపడుతదనుకున్న.

"బిడ్డ పేరేంది సార్?"

నేను చదివిన మూడు భాగాలల్ల, ఆ పన్నెండు పేజీలల్ల సుత ఆ పిల్లను పిల్ల అనే రాసింది. అటెన్కనే పెట్టినట్టుంది పేరు. ఏదో ఒక పేరు చెప్పుదామని సుత అనిపించింది, దేవుడు కాపాడిండు, చెప్పలే.

"ఆ సీరియలోళ్లు సుత పేరు పెట్టలే సార్" అన్నది. గొంతుల కోపం లేదు, అలసట ఉన్నది. "వాళ్లే నయం. చదివినమని చెప్పలే."

చాయ్ తాగుమన్నది. తాగిన. చక్కెర ఎక్కువేసిండ్రు. లేసి వచ్చేటప్పుడు "పైలం సార్" అన్నది. నెల తిరగకముందే పోయింది.

ఆమె పోయినంక చదివిన. నాలుగువందల ముప్పై ఒక్క భాగాలు. పదకొండు దినాలు పట్టింది. పంతులు లెక్కనే చెప్తున్న, అన్నీ మంచిగ లేవు. కొన్ని చోట్ల చెప్పిందే చెప్పింది. నడిమిట్ల యాభై భాగాలు బేకార్. గని ఒక నలభై ఉన్నయి, మా సంకలనంల అసొంటిది ఒక్క పేజీ లేదు. పిల్ల పక్కింటోళ్ల కొట్టంల పండుకుంటది, హాస్టల్ల చేరుతది, తల్లి దొంగ అని దోస్తులు అంటుంటె పడుతది, తనే ఎదుగుతది. పేరు నలభై ఆరో భాగంల వస్తది, హాస్టల్ వార్డెన్ రిజిస్టర్ల రాసుకునేటప్పుడు. ఆ పేరు నేనిక్కడ రాయ. చదివినోళ్లకే తెల్వాలె.

ఆఖరిది సిరిసిల్లల మంచం మీద రాసినట్టుంది, చిన్నగున్నది. పిల్ల ఇప్పుడు కండక్టర్ అయింది. తల్లి శిక్ష మీద శిక్ష పడి, అన్నీ తీరినంక బయటికొచ్చి, ఏ ఊరికి పోవాల్నో తెల్వక వచ్చిన బస్సెక్కుతది. బస్సు నిండ జనం. ఇద్దరు ఒకలనొకలు పోల్చుకోరు, జైలుల ఆనాడు చూసుకున్నదే, పద్దెనిమిదేండ్లాయె. బిడ్డ వచ్చి, "అమ్మా, ఆధార్ కార్డు చూపెట్టు, జీరో టికెట్ కొడుత" అంటది. తల్లి కొంగు ముడి ఇప్పుతది. కార్డు తీసి ఇస్తది. అక్కడ ఆగిపోయింది.

కింద ఎవ్వలూ ఏమీ రాయలే. పువ్వు పేరామె సుత రాయలే. నేను కింద కామెంట్ రాసే డబ్బాల వేలు పెట్టిన, ఏదో కొట్టిన, చెరిపేసిన. ఇప్పుడు రాస్తె ఎవ్వలు చూస్తరు.

పోయిన వారం మా అధ్యక్షుడు ఫోన్ చేసిండు. సంఘం ప్రత్యేక సంచిక తెస్తున్నదట, మనకు తెలిసిన మామూలు మనుషుల మీద. "ఆ కండక్టరమ్మ మీద మీరు రాయుండ్రి. మీకు బాగ తెలుసు గదా. మంచి పాత్ర. ఎన్ని పేజీలైనా ఏం కాదు" అన్నడు. సరే అన్న. ఈసారి గూడ సరే అన్న.

రాయబోయేముందు ఇంటోళ్లను అడుగుడు మర్యాద అని కోరుట్ల పోయి చిన్నకొడుకును అడిగిన. ఆయన దుబాయ్‌ల అన్నకు ఫోన్ కలిపిచ్చిండు. ఆ పిల్లగాడు మర్యాదగనే మాట్లాడిండు.

"రాసుకోండ్రి సార్. గని మా చిన్నమ్మ పేరు మాత్రం వేయకుండ్రి. సీరియల్ కతలు రాసేదంటె మా అత్తగారోళ్లు నవ్వుతరు. ఆ టీవోళ్లతోటి ఏమన్న లొల్లయినా మాకే వస్తది."

అందుకనే ఇందుల ఎక్కడ గూడ ఆమె పేరు లేదు. కింద నా పేరుంటది, ఇంటిపేరుతోటి.